లైనింగ్ గుడ్డ

పెరంబూరులో, రెండో అంతస్తు మేడ మీద
నా గదికి రెండు గోడలు ఇటుక, రెండు గోడలు సిమెంటు పలకలు.
"స్లాబు ఇంకో ఇటుక మోయదమ్మా"
అని ఇంటాయన ముందే చెప్పేశాడు.
అందులోనే నా మిషను, ఇస్త్రీ పెట్టె,
హుక్కులు కుట్టే రమామణి,
దండెం మీద వారానికి నలభై జాకెట్లు.

పోయిన కార్తీకం వానల్లో
ఒక గంధం రంగు పట్టు జాకెట్టు వీపు మీద
ఆవగింజలంత నల్ల చుక్కలు లేచాయి.
ఎనిమిది వందలు ఇచ్చుకున్నాను.
జాకెట్టు నా దగ్గరే ఉండిపోయింది.

వానే అనుకున్నాను.
ఏ తడికైనా ముందు వాననే అంటాం,
ఎదురు చెప్పడానికి అది ఆగదు గనక.

వడ్రంగి యతిరాజులు పలక ఊడదీశాడు.
వెనక ఎవరో ఎప్పుడో కొట్టిపోయిన నల్ల పాలిథిన్ పట్టా.
బయటివైపు దుమ్ము, పొడి.
లోపలివైపు చెమట.
వేలితో గీస్తే గీత చివర బొట్టు జారింది.
"ఇవి ఆకాశం నీళ్లు కాదక్కా,
నీ ఇస్త్రీ పెట్టెవి."

సైడెన్‌హామ్స్ రోడ్డులో షాపు కుర్రాడు
మూడు చుట్టలు నిలబెట్టాడు.
తారు కాగితం: ముట్టుకుంటే వేలికి అంటింది.
పట్టు పక్కన దీన్నా?
వెండి రంగుది: మడిస్తే
మడత దగ్గర ఉల్లిపొరలా చిట్లింది.
తెల్లది: చేతిలో గరగరమంది,
కాగితమో గుడ్డో తేలని చప్పుడు.
ధర మూడింతలు.
నీళ్లు ఆపుతుంది, ఆవిరి వదులుతుంది అన్నాడు.
రంగు పోదని చీరలవాళ్లు కూడా అంటారు.

ఇరవై రెండేళ్లుగా లైనింగు కొంటున్నదాన్ని.
పైగుడ్డని కళ్లతో కొంటారు,
లోపలి గుడ్డని వీపుతో కొనాలి.

టీ తెప్పించమన్నాను.
పొగలు కక్కే గ్లాసుకి తెల్ల ముక్క కప్పి, దారం చుట్టి,
దానిమీద ఖాళీ గ్లాసు బోర్లించి
లెక్క మొదలుపెట్టాను.
వంద దాటకముందే పై గ్లాసు మసకబారింది.
అదే ముక్కని దొన్నెలా పట్టి
సీసాడు నీళ్లు పోశాను.
కింద వాడి బిల్లు పుస్తకం.
ముగ్గురం ఊపిరి బిగబట్టి బిల్లు పుస్తకాన్నే చూశాం.
ఒక్క చుక్క లేదు.
టీ చల్లారిపోయింది. తాగేశాను.

మర్నాడు నేను మేడెక్కేసరికి
యతిరాజులు సగం గోడ కొట్టేశాడు,
పైనుంచి కిందికి.
కింది పట్టా అంచు పైదాని మీదికి ఎక్కి
వానకి ఎదురుగా జేబులా తెరుచుకుని ఉంది.
"విప్పు."
"నూట పది పిన్నులక్కా!"
"నేను చంకలు విప్పిన జాకెట్లు లెక్క చెప్పనా?"
ఇద్దరం కూర్చుని విప్పాం.
రంధ్రాలన్నిటికీ టేపు అంటించాడు, మాట్లాడకుండా.
ఈసారి కిందనుంచి మొదలు,
పైది కిందిదాని మీద జానెడు, చేప పొలుసు వరసలో.
కిటికీ మూలల్లో మాత్రం కత్తెర నాది:
మెడ తీసినట్టే, మూలకి ఏటవాలు గాటు.

ఆఖరి పలక బిగించే ముందు
సుద్దబిళ్లతో తెల్లదాని మీద
తారీఖు, కొలత రాశాను.
కొలత పక్కన చెయ్యి అలవాటుగా
"ఛాతీ" అని కూడా రాసేసింది.
చెరిపేలోగా యతిరాజులు మూసేశాడు.

ఇప్పుడు బయట వాన.
ఇస్త్రీ పెట్టె బుస్సుమంటోంది.
ఆ గంధం రంగు జాకెట్టులో మచ్చలేని చేతిముక్క ఒకటి కోసి
పడమటి మూల మేకుకి తగిలించాను.
చుక్కలు లేస్తాయో లేదో
కార్తీకం వెళ్లేదాకా చెప్పలేను.
రమామణి మాత్రం రోజూ చెప్పులు విడవగానే
ముందు ఆ మూలకే వెళ్తుంది,
తర్వాతే సూది అడుగుతుంది.